లేడీస్ రాక్‌లోకి ఎక్కిన ఎమ్-6

2022 ఏప్రిల్. బిలాస్‌పూర్ నుంచి కోని వైపు వెళ్ళే రోడ్డు మీద ఒక చిన్న పరిశోధనా సంస్థలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. సంస్థ పేరు చెప్పను. ఇందులో తప్పు చేసింది సంస్థ కాదు, నేను. అప్పటికి నాది ఇరవై ఆరేళ్ళ సర్వీసు. నా పని ఏమిటని ఎవరైనా అడిగితే, మెదళ్ళు కోయడం అని చెప్పాలి. అలా చెబితే పెళ్ళి భోజనాల్లో పక్కన కూర్చున్నవాళ్ళు కాస్త దూరం జరుగుతారు. అందుకని "సైన్సు ల్యాబ్‌లో ఉద్యోగం" అని ఊరుకుంటాను.

కోసేది ఎలుకల మెదళ్ళు. గడ్డకట్టించిన మెదడును క్రయోస్టాట్ అనే యంత్రంలో పెడతాం. లోపల ఫ్రీజర్‌లా చల్లగా ఉంటుంది, పక్కనున్న చక్రం తిప్పితే బ్లేడు మీదుగా మెదడు పలచటి పొరలుగా వస్తుంది. ఒక్కో పొరను సెక్షన్ అంటారు. దాన్ని కుంచెతో ఎత్తి గాజు స్లైడ్ మీద మడత లేకుండా పరవాలి. ఊపిరి గట్టిగా వదిలినా లేచిపోతుంది. మా తాతగారు పలాస వైపు నుంచి వచ్చి ఇక్కడి లోకో షెడ్‌లో ఫిట్టర్‌గా చేరారు, నాన్నా ఫిట్టరే. చెయ్యి వణకకపోవడం మా ఇంట్లో అందరికీ వచ్చిన ఆస్తి. నా సెక్షన్లలో మడత చూపించమని కొత్తగా వచ్చిన విద్యార్థులతో పందెం వేసేదాన్ని. కొంచెం గర్వం ఉండేదని ఒప్పుకుంటున్నాను.

ఆ ఏడాది పావని పీహెచ్‌డీ చివరి దశలో ఉంది. పావని మా రైల్వే కాలనీ పిల్లే. తండ్రి లోకో పైలట్, బొగ్గు గూడ్సులు నడుపుతాడు. చిన్నప్పటి నుంచి నన్ను పిన్నీ అనే పిలుస్తుంది. మాటల్లో సగం హిందీ. తెలుగు చదవమంటే అక్షరం అక్షరం కూడబలుక్కుంటుంది గానీ మైక్రోస్కోప్ ముందు కూర్చుంటే నాలుగు గంటలు కదలదు. ఆ కుటుంబంలో డాక్టరేట్ దాకా వచ్చిన మొదటి మనిషి. ఆగస్టు ఆఖరుకి థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. పొడిగింపు అప్పటికే ఒకసారి అయిపోయింది, రెండోసారి ఇవ్వరు. అంటే అయిదేళ్ళ పని ఆ వేసవి మీద ఆధారపడి ఉంది.

తన అంశం మెదడులో ఈస్ట్రోజెన్ రిసెప్టర్లు. ఇది కాస్త చెప్పాలి. హార్మోను రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతుంది, కానీ అన్ని కణాలూ దాని మాట వినవు. రిసెప్టర్ ఉన్న కణమే వింటుంది. స్టేషన్‌లో మైకు అందరికీ వినిపించినా, ఆ బండి ఎక్కవలసినవాళ్ళే సామాను ఎత్తుకుంటారు కదా, అలాగ. ఈస్ట్రోజెన్‌ని ఆడ హార్మోను అంటాం గానీ మగ మెదడులోనూ దాని రిసెప్టర్లు ఉంటాయి. మగ శరీరంలో తయారయ్యే టెస్టోస్టిరాన్‌లో కొంత, మెదడుకు చేరాక అక్కడే ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. ఈ సంగతి మా ఆయనకు చెప్పినరోజు ఆయన అన్నం కలపడం ఆపి నావైపు అనుమానంగా చూశారు.

కాబట్టి ఆడ మెదడులో ఉన్నాయి, మగ మెదడులో లేవు అన్నది కాదు సంగతి. ఏ చోట ఎన్ని అన్నదే ప్రశ్న. పావని రెండు చోట్లు ఎంచుకుంది. రెండూ మెదడు అడుగున, హైపోథాలమస్ అనే భాగంలోనే ఉంటాయి. ముందువైపు ఉన్నది ప్రీఆప్టిక్ ఏరియా. దానికి కాస్త వెనక ఉన్నది వెంట్రోమీడియల్ న్యూక్లియస్. జత కట్టడం, పిల్లల్ని సాకడం వంటి వాటితో వీటికి సంబంధం. చదువరులకు పేర్ల బాధ లేకుండా ముందు చోటు, వెనక చోటు అంటాను.

ఆడ ఎలుకలు ఆరు, మగవి ఆరు. ఎఫ్-1 నుంచి ఎఫ్-6, ఎమ్-1 నుంచి ఎమ్-6. ఆడ ఎలుకకు నాలుగైదు రోజుల చక్రం ఉంటుంది, ఆ రోజుల్ని బట్టి రిసెప్టర్లు పెరుగుతాయి, తగ్గుతాయి. అందుకని ఆరూ చక్రంలో ఒకే దశలో ఉన్నప్పుడే తీసుకోవాలి. అది తెలుసుకోవడానికి రోజూ పొద్దున్నే వాటిని పట్టుకుని పరీక్ష చెయ్యాలి, అది నా పనే. ఎఫ్-4 బాగా పెంకిది, నా వేలు రెండుసార్లు కొరికింది. అన్నీ అనుమతి ఉన్న పద్ధతిలోనే చేస్తాం, నొప్పి తెలియకుండానే చేస్తాం. అయినా ఆ రోజు నేను ఎవరితోనూ ఎక్కువ మాట్లాడను. తీసిన ప్రాణం ఊరికే పోకూడదని మాత్రం అనుకుంటాను.

తర్వాతిది స్టెయినింగ్. రిసెప్టర్‌ని మాత్రమే పట్టుకునే యాంటీబాడీ అనే మందు స్లైడ్ల మీద వేసి ఒక రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచుతాం. మర్నాడు డీఏబీ అనే రంగు ద్రావణంలో ముంచితే, రిసెప్టర్ ఉన్న కణాలు గోధుమరంగు చుక్కల్లా తేలతాయి. ఆ చుక్కల్ని లెక్కపెట్టడమే పావని పని. డీఏబీలో ఎంతసేపు ఉంచితే అంత ముదురు. అందుకని టైమర్ పెట్టుకుని సరిగ్గా ఆరు నిమిషాలకు తీసేస్తాను.

ఇక్కడ నా అలవాటు ఒకటి చెప్పాలి. మా కాలనీలో పెరిగినవాళ్ళకి ఆడా మగా విడివిడిగా ఉండడం చాలా మామూలు విషయం. టికెట్ కిటికీ దగ్గర లేడీస్ లైను వేరు. వెయిటింగ్ రూమ్ వేరు. బిల్హా వైపు నుంచి వచ్చే లోకల్‌లో లేడీస్ బోగీ వేరు. మా యానిమల్ హౌస్‌లోనూ ఆడ ఎలుకల బోన్లు ఒక గోడకి, మగవాటివి ఎదురు గోడకి, లేకపోతే నెల తిరిగేసరికి ఎన్ని ఎలుకలున్నాయో మాకే తెలియదు. స్లైడ్లు నిలబెట్టే రాకులు మాకు రెండున్నాయి, ఒక్కోదానిలో పన్నెండు గదులు. ఎలుకకు రెండు స్లైడ్ల చొప్పున ఒక రాకు ఆడవాళ్ళకి, ఒక రాకు మగవాళ్ళకి సరిగ్గా సరిపోయింది. ఇంక ఆలోచించడానికి ఏముంది? పావని ఒకదానికి గులాబీ టేపు, ఇంకోదానికి నీలం టేపు అంటించింది.

"లేడీస్ డబ్బా రెడీ పిన్నీ. టికెట్ చెకింగ్ చేసుకో" అంది.

మా ప్రొఫెసర్ గారు రాయ్‌పూర్ మనిషి, పావనికి గైడు. అందరం సార్ అనే అంటాం. అటుగా వెళుతూ ఆగి ఆ టేపుల్ని చూసి, "సత్యవతి జీ, ఇంత పద్ధతిగా పనిచేసే మనిషి దొరకడం ఈ ల్యాబ్ అదృష్టం" అని హిందీలో మెచ్చుకున్నారు. ఆ మాట ఇంట్లో రెండుసార్లు చెప్పాను.

డీఏబీ తొట్టిలో ఒకసారికి ఒక రాకే పడుతుంది. మంగళవారం ఆడవాళ్ళు, గురువారం మగవాళ్ళు అనుకున్నాం. సోమవారం స్లైడ్లు సర్దుతుంటే ఎఫ్-4 స్లైడ్ ఒకటి నా చేతిలోనే మూల విరిగింది. గులాబీ రాకులో ఒక గది ఖాళీ అయింది. మా ఆయన రైల్వే గార్డు. ఇప్పుడు ఆ ఉద్యోగానికి ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చారు గానీ మా కాలనీలో ఇంకా గార్డే. ఖాళీ బెర్తుతో బండి కదిలిందంటే ఆయనకు నచ్చదు, ఇన్నేళ్ళ కాపురంలో అది నాకూ అంటుకుంది. ఆర్ఏసీ టికెట్‌తో సగం సీటు మీద కూర్చున్నవాళ్ళని పిలిచి బెర్తు ఇచ్చినట్టు, అదనంగా ఉంచిన ఎమ్-6 స్లైడ్ ఒకటి తెచ్చి ఆ ఖాళీలో పెట్టేశాను. పెట్టిన సంగతి ఆ సాయంత్రానికే మర్చిపోయాను.

ఫలితం చూసి ల్యాబ్ అంతా సంబరపడ్డాం. ఆడ స్లైడ్లలో గోధుమరంగు చుక్కలు కిక్కిరిసి ఉన్నాయి, మగవాటిలో పలచగా ఉన్నాయి. రెండు చోట్లా ఆడవాటికి దాదాపు రెట్టింపు లెక్క వచ్చింది. పుస్తకాల్లోనూ ఈ చోట్లలో ఆడవాటికే ఎక్కువని రాసి ఉంది, మాది అంతకంటే గట్టిగా వచ్చింది. జూన్‌లో డిపార్ట్‌మెంట్ సెమినార్‌లో పావని ఆ గ్రాఫు చూపిస్తే సార్ ముందు వరసలో కూర్చుని చిన్నపిల్లాడిలా అందరి మొహాలూ చూశారు. ఇంట్లో మా ఆయన మాత్రం పెదవి విరిచారు.

"ఆడోళ్ళ బుర్ర వేరని మాకెప్పుడో తెలుసు. దానికి ఎలకల్ని కొయ్యాలేటి?"

"మీ బుర్ర కోస్తే ఖర్చు తగ్గును" అన్నాను.

జూన్ ఆఖర్లో ఒక పొద్దున్న, థీసిస్‌లో ఫోటోలు వెయ్యడానికి మంచి స్లైడ్లు ఏరి ఇమ్మని పావని అడిగింది. గులాబీ టేపు పెట్టె తెరిచాను. చివర ఒక స్లైడ్ మీద నా చేతి పెన్సిల్ రాతలో ఎమ్-6 అని ఉంది. లేడీస్ పెట్టెలో ఇదేం చేస్తోందని నన్ను నేనే తిట్టుకుని, ఎందుకైనా మంచిదని మైక్రోస్కోప్ కింద పెట్టాను. వెనక చోటు. ముదురు గోధుమరంగు చుక్కలు, కిక్కిరిసి. ఏ ఆడ ఎలుకకూ తీసిపోదు.

నీలం పెట్టె లోంచి ఎమ్-6 అసలు స్లైడ్ తీసి పక్కన పెట్టాను. పలచన. ఒకే ఎలుక, ఒకే మెదడు, పక్కపక్కనే కోసిన సెక్షన్లు. ఒకటి మంగళవారం రాకులో ఆడదానిలా వచ్చింది, ఇంకొకటి గురువారం రాకులో మగదానిలా వచ్చింది. స్టూలు లాక్కుని కూర్చున్నాను.

అప్పుడు మంగళవారం గుర్తొచ్చింది. ఆ రోజు లైను మరమ్మతని పొద్దున్నుంచి కరెంటు తీసేశారు. ఏప్రిల్ ఎండ, ఏసీ లేదు, గది కాలిపోతోంది. వేడిలో డీఏబీ తొందరగా ముదురుతుంది, ఇది నాకు ఇరవై ఆరేళ్ళుగా తెలుసు. అయినా టైమర్ ఆరు నిమిషాలు అంది కదా అని ఆరు నిమిషాలే ఉంచాను. గురువారం ఏసీ చల్లగా ఉంది, అప్పుడూ ఆరే. మేము ఇన్నాళ్ళూ లెక్కపెట్టింది ఆడా మగా తేడానో, మంగళవారానికీ గురువారానికీ ఉన్న తేడానో ఇంక ఎవరూ చెప్పలేరు. రెండు రాకుల్లోనూ ఇద్దర్నీ కలిపి పెట్టి ఉంటే ఎండ ఇద్దరికీ సమంగా తగిలేది. పద్ధతి, పద్ధతి అని నేనే వేరు చేశాను.

దాచకుండా చెబుతాను. ఆ స్లైడ్‌ని నేను యాప్రన్ జేబులో వేసుకున్నాను. విరిగిన గాజు వేసే డబ్బా రెండడుగుల దూరంలో ఉంది. ఎవరూ అడగరు, అదనపు స్లైడ్‌కి రిజిస్టర్‌లో నంబరు కూడా లేదు, అందుకే పావని లెక్కల్లోకీ రాలేదు. అమ్మాయి థీసిస్ ఇస్తుంది, సార్ సంతోషిస్తారు, నా పేరుకి మచ్చ రాదు. పైగా పుస్తకాల్లో ఉన్నదే కదా వచ్చింది అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. రెండు రోజులు ఆ స్లైడ్ నా జేబులోనే ఉంది.

రెండో రోజు సాయంత్రం మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి టీ తాగి కప్పు కింద పెట్టారు.

"ఏటే, టీలో పంచదార నేదు. నిన్న కూరలో ఉప్పు నేదు. ఏటయ్యింది నీకు?"

చెప్పేశాను. మధ్యలో ఏడ్చాను కూడా. ఆయన నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు.

"బండి కదిలినాక వెనక బోగీ చక్రం దగ్గర పొగ కనపడిందనుకో, నేనేటి చెయ్యాలి?"

"ఆపాలి."

"లేటవుద్ది. కంట్రోల్ వోడు తిడతాడు. ఎక్స్‌ప్లనేషన్ రాయమంటాడు. అయినా ఆపాల. అచ్ఛా, ఆ పొగ నా తప్పు వల్లే వచ్చిందనుకో. అప్పుడు ఆపనక్కర్నేదేటి?"

మా ఆయన మీద నాకు చాలా ఫిర్యాదులున్నాయి. గురక పెడతారు, తడి తువ్వాలు మంచం మీద పడేస్తారు. కానీ ఆ సాయంత్రం ఆ మనిషి నాకు ఎంత ముద్దొచ్చారో చెప్పలేను.

మర్నాడు పావనిని మైక్రోస్కోప్ దగ్గరికి పిలిచాను. రెండు స్లైడ్ల మీదా లేబుళ్ళు కనపడకుండా కాగితం కప్పి, ముందు ముదురుది పెట్టాను.

"ఎవరిది చెప్పు?"

"ఏటి పిన్నీ, పరీక్షా? ఫిమేల్. ఎఫ్-2 అనుకుంటా." పలచనిది పెట్టాను. "మేల్. ఇందులో ఏటుంది?"

కాగితాలు తీశాను. రెండు లేబుళ్ళూ చదివింది. మళ్ళీ మైక్రోస్కోప్‌లోకి చూసింది, మళ్ళీ లేబుల్ చూసింది. ఆ పిల్లకు నేనేమీ వివరించవలసిన అవసరం రాలేదు.

"ఒకే బ్రెయినా?"

"ఒకటే."

"మత్లబ్, అంటే నా చాప్టర్ మొత్తం..." అని ఆగిపోయింది. తర్వాత కోపం వచ్చింది. "నువ్వు చెప్పకపోతే ఎవ్వరికీ తెలిసేది కాదు కదా పిన్నీ! రెండు నెలలే ఉంది నాకు. ఎందుకు చెప్పీసావు?"

"పన్నెండు ప్రాణాలు తీశామే" అన్నాను. అంతే. పావని బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. నేను వీపు నిమురుతూ నిలబడ్డాను. కాసేపటికి లేచి మొహం కడుక్కుని, రెండు స్లైడ్లూ చేతిలో పట్టుకుని, నా వంక చూడకుండానే సార్ గదికి నడిచింది. వెనకే నేనూ వెళ్ళాను.

సార్ రెండూ చూశారు. నేను చేతులు కట్టుకుని, తప్పు నాదే, అమ్మాయిది కాదు అని మొదలుపెట్టాను. ఆయన చెయ్యి ఎత్తి ఆపారు.

"సత్యవతి జీ, ఆ గులాబీ టేపు నేను చూశాను కదా? చూసి ఏమన్నాను? శభాష్ అన్నాను. పుస్తకాల్లో ఉన్న జవాబే రెట్టింపై వచ్చేసరికి ముగ్గురం కళ్ళు మూసుకున్నాం. ఉల్టా వచ్చి ఉంటే మొదటి రోజే రాకులు తిరగేసేవాళ్ళం." తర్వాత అడిగారు, "మిగిలిన సెక్షన్లు ఉన్నాయా?"

ఉన్నాయి. ఇదొక్కటే నేను సరిగ్గా చేసిన పని. మెదడు కోసేటప్పుడు సెక్షన్లను వరసగా ఆరు గిన్నెల్లో పంచుతాను, ఒక గిన్నెలోవి వాడితే మిగతా అయిదూ ఫ్రీజర్‌లో ఉంటాయి. మళ్ళీ ఒక్క ఎలుకను కూడా చంపనక్కర్లేదు. కానీ యాంటీబాడీ సీసా అడుగున ఒక్కసారికి సరిపడా మాత్రమే ఉంది. కొత్తది విదేశం నుంచి రావాలి, మూడు నెలలు పడుతుంది. ఇదీ పోతే పావని థీసిస్ పోయినట్టే.

ఈసారి ప్రతి రాకులోనూ మూడు ఆడ ఎలుకలవి, మూడు మగవాటివి స్లైడ్లు కలిపి పెట్టాను. ఆడదాని పక్కన మగది, మగదాని పక్కన ఆడది. నా చేతులకు అది ఎంత ఎబ్బెట్టుగా ఉందో నవ్వుకుందురు గానీ, చెబుతున్నాను. రెండు రాకులూ ఒకే రోజు, ఒకే గది వేడిలో, ఒకదాని తర్వాత ఒకటి అయ్యాయి. కరెంటు పోతుందేమోనని ఫ్యాను రెక్కల వంకే చూస్తూ చేశాను, పోలేదు.

ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నాం. లెక్కపెట్టే మనిషికి ఏది ఆడో ఏది మగో తెలియకూడదు. తెలిస్తే కళ్ళు మనకు కావలసిన చుక్కల్నే చూస్తాయి. దీన్ని బ్లైండ్ చెయ్యడం అంటారు. ల్యాబ్‌లో అందరికీ నా రాత గుర్తే, కాబట్టి బయటి మనిషి కావాలి. సార్ అడిగితే మా ఆయన సెలవు పెట్టి మరీ వచ్చారు. స్టీలు డబ్బాలో నంబర్ల చీటీలు వేసి కుదిపి, ఒక్కో ఎలుకకు ఒక్కో చీటీ తీసి, నా లేబుళ్ళ మీద ఆ నంబర్ల టేపు అంటించారు. ఏ నంబరు ఎవరిదో రాసిన కాగితాన్ని కవర్లో పెట్టి అంటించి, సంతకం చేసి జేబులో పెట్టుకున్నారు.

పావని మూడు వారాలు లెక్కపెట్టింది. ఆ మూడు వారాలూ మా ఇంట్లో ఆ కవరు ఆయన ట్రంకు పెట్టెలో ఉంది. నా కాపురంలో అంత కష్టమైన మూడు వారాలు లేవు.

"ఏటండీ, పదకొండో నంబరు ఆడదా?"

"తెల్దు."

"రాసింది మీరే కదా."

"సిగ్నల్ పడినాక చెప్తాను."

ఆయనకి ఇష్టమని కోడిగుడ్డు ఇగురు పెట్టినా లాభం లేకపోయింది. తిని, బావుందే అని, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయారు.

జూలై ఆఖర్లో ఒక మధ్యాహ్నం సార్ గదిలో నలుగురం కూర్చున్నాం. పావని తన లెక్కల్ని ఎక్కువ నుంచి తక్కువకు వరసగా పేర్చుకుని ఉంది. తను నంబరు చదవాలి, ఆయన కాగితం చూసి ఎఫ్ అనో ఎమ్ అనో చెప్పాలి. ముందు చోటుతో మొదలుపెట్టారు. ఎఫ్. ఎమ్. ఎమ్. ఎఫ్. ఎమ్. ఎఫ్. ఎఫ్. అక్కడికే అర్థమైపోయింది, అంతా కలగాపులగం. ఆరేసి ఎలుకల్లో మాకు చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. ఏప్రిల్‌లో మాకు కనిపించింది మంగళవారం ఎండ.

పావని పెన్ను మూత పెట్టేసింది. సార్ మెల్లగా, "రెండోది చదువమ్మా" అన్నారు. వెనక చోటు.

"ఎఫ్" అన్నారు మా ఆయన. తర్వాత నంబరుకీ ఎఫ్. మూడోదీ ఎఫ్. నాలుగోదీ ఎఫ్. నేను సార్ బల్ల అంచు పట్టుకున్నాను. అయిదోదానికి ఆయన ఒక క్షణం కాగితం దగ్గరగా పట్టుకుని, "ఎమ్" అన్నారు. పావని కళ్ళు మూసుకుంది. ఆరోది ఎఫ్. ఏడోది ఎఫ్. ఆ తర్వాత అయిదూ ఎమ్, ఎమ్, ఎమ్, ఎమ్, ఎమ్.

తేడా ఉంది. రెట్టింపు కాదు, ఏప్రిల్‌లో వచ్చిన తేడాలో సగం కూడా లేదు. ఒక మగ ఎలుక ఇద్దరు ఆడవాళ్ళని దాటి పైన కూర్చుంది. అయినా ఉంది. గదిలో మొదట మాట్లాడింది మా ఆయనే.

"అయితే బుర్రలు వేరు కాదేటి? ఒక దగ్గర కొంచెం ఎక్కువ తక్కువ, ఇంకో దగ్గర ఏటీ నేదు. ఇంతేనా?"

నేను తెలుగు నుంచి హిందీలోకి మార్చి చెబితే సార్ పగలబడి నవ్వారు. "పావని థీసిస్‌కి ఇంతకంటే మంచి సారాంశం నేను రాయలేను" అన్నారు.

పావని అధ్యాయం మొత్తం తిరగరాసి, ఆఖరి వారంలో సమర్పించింది. మొదటి స్టెయినింగ్ ఎలా చెడిందో, ఎలా తెలిసిందో రెండు పేజీలు పెట్టింది. అవి తీసెయ్యమ్మా, నా పరువు పోతుంది అన్నాను. వినలేదు.

మరుసటి జనవరిలో వైవా, అంటే థీసిస్ మీద అందరి ముందూ జరిగే మౌఖిక పరీక్ష. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆ రెండు పేజీలూ తెరిచే అడిగారు. "పెద్ద తేడా వచ్చినప్పుడు తప్పని తేలింది. ఇప్పుడు చిన్న తేడా చూపిస్తున్నావు. దీన్ని ఎందుకు నమ్మాలి?"

పావని తొందరపడలేదు. "పెద్దది వచ్చినప్పుడు మేము సంతోషంగా చూశాం సార్. దీన్ని ఎవరిదో తెలియకుండా, పోతుందేమో అని భయపడుతూ చూశాం. పోలేదు" అంది. ఆయన ఇంకేమీ అడగకుండా పేజీ తిప్పారు.

వెనక వరసలో కూర్చున్న నాకు కళ్ళు నిండిపోయాయి. ఇన్నేళ్ళూ మంచి స్లైడ్ అంటే మడత లేని స్లైడ్ అనుకున్నాను. నేను అనుకున్నది తప్పయితే ఆ సంగతి నాకు చెప్పగలిగేదే మంచి స్లైడ్. అలా చెప్పే వీలు ముందే కల్పించి పెట్టడమే నా ఉద్యోగం. ఇది ఇరవై ఆరేళ్ళ సర్వీసు తర్వాత, నా చేతుల్లో పెరిగిన పిల్ల దగ్గర నేర్చుకున్నాను. ఇప్పుడు ల్యాబ్‌కి కొత్తగా ఎవరొచ్చినా మొదటి రోజే ఈ కథ చెబుతాను, నా తప్పుతో సహా.

అందరూ అభినందించి వెళ్ళాక, వరండాలో పావని నా భుజం మీద తల ఆన్చింది.

"పిన్నీ, ఆ రోజు ఎందుకు చెప్పీసావని నీ మీద అరిచాను కదా. సారీ."

అప్పటిదాకా తనకు చెప్పని మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది. ఇంక ఆగలేదు. "నేనూ వెంటనే చెప్పలేదే. రెండు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. పారేద్దామనుకున్నాను."

పావని తల ఎత్తి నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను.

"అచ్ఛా" అంది, మళ్ళీ భుజం మీద తల పెట్టుకుంటూ. "నేనయితే ఇంకా జేబులోనే ఉంచీదాన్ని పిన్నీ."